జపాన్ గేమ్ పరిశ్రమ: విద్యార్థి ముందున్న దారులు
క్యోటోలోని నింటెండో, ఒసాకాలోని క్యాప్‌కామ్ వంటి సంస్థలలో ఉద్యోగం ఆశించే విద్యార్థి మొదట తెలుసుకోవలసింది జపాన్ నియామక పద్ధతిని. అక్కడ చదువు ముగియడానికి చాలా ముందే ఎంపికలు మొదలై, కొత్త పట్టభద్రులు సాధారణంగా ఏప్రిల్‌లో ఒకేసారి కొలువులో చేరతారు. ఆట నియమాలను, అంచెలను ఊహించి పత్రంగా రాసే ప్లానర్, దానికి కోడ్ రాసే ప్రోగ్రామర్, పాత్రలకు రూపమిచ్చే చిత్రకారుడు వేర్వేరు కొలువులకు దరఖాస్తు చేసుకుంటారు కనుక, తన పని ఏదో విద్యార్థి ముందే తేల్చుకోవాలి. చిత్రకారుల ఎంపికలో పోర్ట్‌ఫోలియో, అంటే స్వయంగా చేసిన పనుల సంపుటి, కీలకం. ఈ రంగంలోకి రావడానికి ఒకే రకం చదువు అవసరమని కాదు: మారియో సృష్టికర్త షిగేరు మియమొతో చదివింది కంప్యూటర్ శాస్త్రం కాదు, పారిశ్రామిక రూపకల్పన. ఆయన నింటెండోలో చేరింది 1977లో. విదేశీయులకు కోడ్ కన్నా భాషే పెద్ద అడ్డంకి: ప్లానర్ నిత్యం చర్చించి, రాసి, ఒప్పించవలసినవాడు కాబట్టి, జపనీస్ సామర్థ్య పరీక్షలోని ఐదు స్థాయిలలో పైనుంచి రెండవదైన ఎన్2 కూడా అతనికి చాలకపోవచ్చు.