తొందరపడని యాత్రికుడు

దూరదేశములకు పోవువారు ముందుగా దినముల లెక్క వేసికొందురు. ఏ నాడు బయలుదేరవలెను, ఏ యూర ఎన్ని దినము లుండవలెను, ఎప్పుడు మరల ఇల్లు చేరవలెను అని నిర్ణయించుకొందురు. ఇది మంచిదే. కాని మంచు, వరద, కఱవు మనము వేసికొన్న లెక్కను చూచి రావు. అట్టి వేళ దేనిని విడువవచ్చును, దేనిని విడువరాదు అను వివేకమే యాత్రికునకు నిజమైన తోడు. చైనా దేశపు బౌద్ధభిక్షువు హ్యూయన్‌త్సాంగు చరిత్రము ఇందుకు చక్కని నిదర్శనము.

చైనాలో దొరకు ధర్మగ్రంథముల అనువాదములు ఒకదానితో నొకటి పొసగకుండుటచే, మూలగ్రంథములను భారతదేశముననే చదువవలెనని ఆతడు సంకల్పించెను. దేశము విడుచుటకు అనుమతి లభింపలేదు. అయినను 629 ప్రాంతమున రహస్యముగా బయలుదేరి, ఎడారి దాటి, కావోచాంగు రాజ్యము చేరెను. అచ్చటి రాజు ఆతనిని తన యొద్దనే శాశ్వతముగా ఉండుమని నిర్బంధించెను. భిక్షువు మూడు దినములు అన్నపానములు మానెను. రాజు చలించి, పోవుటకు సమ్మతించి, ఒక నెల మాత్రము నిలిచి ధర్మము బోధింపుమని వేడెను. హ్యూయన్‌త్సాంగు సంతోషముతో నిలిచెను. తిరిగి వచ్చునపుడు మూడేండ్లు ఉందునని మాట కూడ ఇచ్చెను. గమ్యమును విడువుమన్న ప్రాణమునకైన తెగించిన ఆ భిక్షువు, నెల దినముల ఆలస్యమునకు వెనుదీయలేదు.

కూచా నగరము చేరునప్పటికి కనుమలు మంచుతో మూసికొని యుండెను. ఆతడు అఱువది దినములకు పైగా అచ్చట వేచియుండెను. పిమ్మట పర్వతములు దాటునపుడు సైతము పరివారములో పదింట మువ్వురు నలుగురు చలికిని ఆకలికిని బలియైరి. ఇక తొందరపడి ముందే సాగియున్నచో ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. కాశ్మీరమున మంచి గురువులు దొరకగా రెండేండ్లు చదివెను. నలందలో శీలభద్రాచార్యుని యొద్ద ఏండ్ల తరబడి శాస్త్రాభ్యాసము చేసెను.

తరువాత తామ్రలిప్తి రేవునుండి ఓడలో సింహళమునకు పోవలెనని తలచెను. సముద్రయానము అపాయకరమనియు, తూర్పుతీరము వెంట నేలమీదుగా పోయి దక్షిణమున సముద్రము దాటుట మేలనియు ఒక దాక్షిణాత్య భిక్షువు చెప్పెను. హ్యూయన్‌త్సాంగు తన యాలోచన మార్చుకొనెను. ఆ మార్పు వలననే ఆతడు ఆంధ్రదేశమున అడుగుపెట్టెను. కృష్ణాతీరమందలి ధాన్యకటకమున ఇద్దఱు పండిత భిక్షువులు కనబడగా, కొన్ని నెలలు నిలిచి వారి యొద్ద అభిధర్మశాస్త్రము నేర్చెను. తనకు తెలిసిన శాస్త్రమును వారికి నేర్పెను. పిదప కంచి చేరగా, సింహళమున రాజు మరణించెననియు, కఱవు ప్రబలినదనియు అచ్చటినుండి వచ్చిన భిక్షువులు తెలిపిరి. ఆతడు సింహళయాత్రనే మానుకొనెను. ఏ సింహళము కొఱకు బయలుదేరెనో అది దక్కలేదు. తలపని ధాన్యకటకము దక్కినది.

మరలివచ్చునపుడు సింధునదిలో పడవ ఒరిగి యాబది కట్టల గ్రంథములు నీటిపాలయ్యెను. ఆతడు దగ్గఱి పట్టణమున సుమారు యాబది దినములు ఆగి, మనుష్యులను ఉద్యానదేశమునకు పంపి, పోయిన గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరెను.

అయినను ఈ దీర్ఘయాత్రలో నష్టము లేకపోలేదు. కావోచాంగు రాజునకు ఇచ్చిన మాట చెల్లించుకొను భాగ్యము ఆతనికి కలుగలేదు. ఆ రాజు మరణించెను. 640లో ఆ రాజ్యమును చైనా సామ్రాజ్యమున కలిసిపోయెను. కాలము ఎవరికొఱకును నిలువదు. కనుకనే యాత్రికుడు దానిని దేనికి వెచ్చింపవలెనో ఎఱుగవలెను. హ్యూయన్‌త్సాంగు దినముల లెక్కను పలుమాఱులు విడిచెను. విద్యను మాత్రము ఒక్కమాఱైనను విడువలేదు. తెచ్చిన గ్రంథములను 664లో మరణించువఱకు తన భాషలోనికి అనువదించుచునే యుండెను.