ఇనుప ఓడ, కట్టెల తెప్ప, మా తాత మావు



మ్యూజియం అంటే పాత వస్తువులు దాచే ఇల్లు. కానీ పాతవన్నీ దాచరు. "ఇది పోతే మళ్లీ దొరకదు" అని ఎవరో ఒకరు అనుకున్నవే దాస్తారు. ఈ ఏడాది విహారయాత్రకు మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లారు. నిడుబ్రోలు స్టేషన్లో రైలెక్కి వెళ్లాం. రాలేకపోయిన వాళ్ల కోసం, చిన్న తరగతుల వాళ్లకి కూడా అర్థమయ్యేటట్టు ఇది రాస్తున్నాను.

నీళ్లలో మునిగే ఓడ

రామకృష్ణా బీచ్‌లో ఒడ్డు మీద నల్లగా పెద్ద ఓడ నిలబడి ఉంది. దాని పేరు ఐ.ఎన్.ఎస్. కురుసుర. ఇది జలాంతర్గామి, అంటే నీళ్ల లోపల తిరిగే ఓడ. సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో కూడా పనిచేసింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. దాన్ని సముద్రం నుంచి ఒడ్డుకు లాగి నిలబెట్టడానికి 18 నెలలు, సుమారు 5.5 కోట్ల రూపాయలు పట్టిందట. 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉంది.

పొడవు 91 మీటర్లు. మగపిల్లల కబడ్డీ కోర్టులు ఏడు వరసగా పెడితే ఎంతో అంత! కానీ లోపల ఇరుకు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి వంగి దూరాలి. సుమారు 75 మంది అందులోనే తినాలి, అందులోనే పడుకోవాలి. మంచాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మన హాస్టల్ ఇరుకని ఇంక ఎవరూ అనకండి.

అంత ఇనుము ఎలా మునుగుతుంది, మళ్లీ ఎలా తేలుతుంది? నీళ్ల తొట్టిలో ఖాళీ బిందె పెట్టి చూడండి. తేలుతుంది. దాన్లోకి నీళ్లు పోస్తే మునుగుతుంది. జలాంతర్గామికి పెద్ద తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీళ్లు రానిస్తే కిందికి పోతుంది. సిలిండర్లలో బిగించి పెట్టిన గాలిని వదిలితే ఆ గాలి నీళ్లను బయటికి నెడుతుంది, ఓడ పైకి వస్తుంది. పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు నడుస్తాయి. లోపల బ్యాటరీలతో నడుస్తుంది. ఎందుకంటే డీజిల్ మండాలంటే గాలి కావాలి. మనుషులకే కాదు, ఇంజనుకీ ఊపిరి కావాలన్నమాట.

మేకు లేని పడవ

కురుసుర చూసి బయటికి వచ్చాక బీచ్‌లో ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. "తాతా, మీరు తెప్ప మీద వెళ్లారా?" అని అడిగాను. "మా రోజుల్లో తెప్పే గదమ్మా. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లూ ఇంజన్లూ" అన్నాడు.

తెప్ప అంటే తేలిక కట్టెలు పక్కపక్కన పెట్టి తాళ్లతో కట్టింది. తమిళంలో కట్టుమరం అంటారు. ఇంగ్లీషులో కాటమరాన్ అనే మాట దాన్నుంచే వచ్చింది. అల పైకి వస్తే నీళ్లు కట్టెల సందుల్లోంచి కిందికి పోతాయి. నీళ్లు నిండటానికి దాన్లో గుంటే లేదు, ఇంక మునిగేదెట్లా? వేట అయ్యాక కట్లు విప్పి కట్టెల్ని ఇసకలో ఆరబెట్టేవాళ్లు. కట్టె నీళ్లు తాగితే బరువెక్కుతుంది కాబట్టి.

ఇంకొకటి మసులా పడవ. ఇది మా సోషల్ మేడం చెప్పారు. పలకలకి బెజ్జాలు పెట్టి, కొబ్బరిపీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుడతారు. మేకులు ఉండవు. ఎందుకంటే మన తీరంలో ఒడ్డు దగ్గరే అలలు విరిగి పడతాయి. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసకకి కొట్టుకుంటే పగులుతుంది. కుట్టిన పడవ వంగుతుంది. కుండ కిందపడితే పగులుద్ది, బుట్ట కిందపడితే వంగుద్ది. అంతే తేడా. మద్రాసులో రేవు కట్టక ముందు పెద్ద ఓడలు దూరంగా ఆగేవి. దొరలనీ వాళ్ల సామాన్లనీ ఈ మసులా పడవల్లోనే ఒడ్డుకి చేర్చేవాళ్లు. అంత పెద్ద ఓడలకి కూడా మనవాళ్ల కుట్టు పడవే దిక్కయింది!

మన పక్కనే ఉన్న రేవులు

మన పొన్నూరు చుట్టూ వరి, పైకి పోతే పత్తి, మిరప. అందుకని సముద్రం మనది కాదనుకుంటాం. కానీ బాపట్ల దాటితే సూర్యలంకలో సముద్రమే.

ఇప్పుడు చేపల రేవుగా ఉన్న నిజాంపట్నానికి 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. అంతకు ముందే 1606లో డచ్చివాళ్లు అక్కడ వర్తకం పెట్టారు. ఆ ఊరిని వాళ్లు పెటపోలి అని రాసుకున్నారు.

చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. అక్కడ కాకతి గణపతిదేవుడు 1244లో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకు ముందు తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాక్కునేవాళ్లు. ఇక నుంచి అలా లాక్కోము, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాము అని ఆ రాతి మీద ఉంది. ఇంకా వెనక్కి పోతే శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది.

రాజులది రాయి మీద ఉంది, నాణెం మీద ఉంది. తెప్ప కట్టినవాళ్ల పేరు ఎక్కడా లేదు.

మా తాత మావు

మేము యానాదులం. మాది సముద్రం కాదు, కాలవ. మా తాత మావు అల్లుతాడు. చూడనివాళ్ల కోసం చెప్తాను. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన పొడుగాటి బుట్ట. నోరు వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నం అవుతుంది. పుల్లల మొనలు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి. చేప లోపలికి దూరేటప్పుడు పుల్లలు వంగి దారి ఇస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు మొనలు ఎదురు నిలబడతాయి. ఇంజను లేదు, బ్యాటరీ లేదు. రాత్రి నీళ్లలో పెడితే పొద్దున్నకి కూర ఉంటుంది.

పుల్ల ఎంత సన్నగా చీల్చాలి, నోరు ఎంత వెడల్పు ఉండాలి, ఏ నీళ్లకి ఎటు తిప్పి పెట్టాలి, ఇదంతా తాత చేతుల్లో ఉంది, కాగితం మీద లేదు. తాతకి ఇప్పుడు చూపు తగ్గింది. నాన్న మిరపకాయ కోతలకి పోతాడు, మావు అల్లడం రాదు. మా ఇంట్లో చదువుకుంటున్నది నేను మొదటిదాన్ని. తాత పోతే మావు కూడా పోతుంది. దాన్ని ఒడ్డుకి లాగడానికి కోట్లు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు.

మీ ఇళ్లలో చేపలు పడతారని, బుట్టలు అల్లుతారని చెప్పడానికి మనలో చాలామంది సిగ్గుపడతారు. ఎందుకు? కురుసుర గొప్పదే. దేశం కోసం పనిచేసింది. కానీ ఏ నీళ్లకి ఏది కావాలో తెలుసుకొని చేయడమే గదా తెలివి. ఆ తెలివి దాంట్లోనూ ఉంది, తెప్పలోనూ ఉంది, మావులోనూ ఉంది.

కాబట్టి స్నేహితులారా, సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ పెద్దవాళ్లని ఒక్క వస్తువు గురించి అడగండి. ఎరుకల పిల్లలు బుట్ట గురించి, సుగాలీ పిల్లలు అద్దాల కుట్టు గురించి. దాని పేరు, కొలత, ఎట్లా చేస్తారో రాసుకొని బొమ్మ గీసుకొని రండి. లైబ్రరీలో కిటికీ పక్క అర ఖాళీగా ఉంది. అది మనకిమ్మని వార్డెన్ మేడం గారిని అందరి తరఫున అడుగుతున్నాను.

మొదటి వస్తువు నేను తెస్తాను. నోరు నేనే అల్లాలని తాతతో ఇప్పటికే చెప్పి ఉంచాను.

— 9వ తరగతి విద్యార్థిని