అటక మీద అద్దె కట్టని అతిథులు!

సాయంత్రం దీపం పెట్టే వేళ. దేవుడి గూట్లో వత్తి వెలిగించి వసారాలోకి వచ్చేసరికి నెత్తి మీదుగా ఏదో సర్రున దూసుకుపోయింది. పిట్ట అనుకుందామంటే, ఆ చీకటి వేళ పిట్టలెక్కడివి? మర్నాడు పొద్దున చూస్తే అటక కింద పెట్టిన బియ్యం డబ్బా మూత మీద నల్లటి పెంటికలు. ఎలుకలే అనుకుని బోను పెట్టాను. బోనులోని కొబ్బరిముక్క ఎండిపోయింది గానీ ఒక్క ఎలుకా పడలేదు!

గోరంట్లలోని మా అత్తగారి పాత ఇంటి సంగతి ఇది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇంటి ముందు భాగం రాతి మిద్దె. వెనక వంటిల్లు, పక్కగది మాత్రం మంగళూరు పెంకులు, వాటి కింద చెక్క అటక. అమ్మాయికి ఏడో నెల వచ్చింది. ఉగాదికి పురిటికి తీసుకొచ్చాం. అటక మీదున్న పాత ఉయ్యాల తొట్టి దించుదామని నిచ్చెనేసి టార్చి వేస్తే ఏముంది? దూలానికీ పెంకులకీ మధ్య వరసగా తలకిందులుగా వేలాడుతున్న చిన్న చిన్న గబ్బిలాలు!

"గబ్బిలాయిలు చేరితే ఇల్లు పాడుబడతాదంటారే! పచ్చి పురిటి బిడ్డ తిరగాల్సిన ఇల్లు. నిప్పుల్లో నాలుగు ఎండు మిరపకాయలేసి పొగ పెట్టు, అవే పోతాయి" అన్నారు మా అత్తమ్మ. నాకూ అదే మంచిదనిపించింది. కుంపటి రాజేశాను కూడా. ఆ పూట పశువుల డాక్టరుగా పనిచేసే మా ఆడపడుచు భర్త ఇంటికి రాకపోతే ఎంత పొరపాటు చేసేదాన్నో!

పొగ ఎందుకు వద్దు?

"ఆగండమ్మా, పైన పిల్లలున్నాయేమో చూశారా?" అన్నారు అన్నయ్య. చీకటి పడి పెద్ద గబ్బిలాలు బయటికి వెళ్ళిపోయాక అటక కింద నిలబడి విన్నాం. సన్నగా కీచుకీచుమని శబ్దం. పిల్లలే! గబ్బిలం పక్షి కాదు, మనలాగే పాలిచ్చి పెంచే జంతువు. ఈ చిన్న రకాలు కాన్పుకు ఒకటి రెండు పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు నాలుగైదు వారాల దాకా ఎగరలేవు. అప్పుడు పొగ పెడితే తల్లులు పారిపోతాయి, పిల్లలు పెంకుల సందుల్లోనే చచ్చి కుళ్ళిపోతాయి. ఆ వాసనను ఏ సాంబ్రాణీ పోగొట్టలేదు. పొగ తట్టుకోలేని పెద్దవి కూడా దారి తప్పి నేరుగా గదుల్లోకే దిగుతాయి. ఇక ఎండు మిరప ఘాటు ఏడో నెల గర్భిణికి మంచిదా చెప్పండి?

కలరా ఉండలు కట్టి వేలాడదీయడం మరో అలవాటు. గబ్బిలాలు కదిలేంతగా వాటిని పెడితే ముందు మనకే తలనొప్పి, వాంతులు వస్తాయి. పగలు అవి లోపలుండగా కన్నాలు మూసేయడం ఇంకా పెద్ద తప్పు.

మేం చేసిన పని

పని రెండు భాగాలుగా పెట్టుకున్నాం. మొదటిది ఆ వారమే చేశాం. అటకకూ గదికీ మధ్యనున్న సందులన్నీ లోపలి నుంచి మూసేశాం. పలకల మధ్య చీలికలకు గుడ్డపేలికలు దట్టించి పైన చెక్కపట్టీలు కొట్టించాం. అటకకెక్కే మూతకు చుట్టూ పాత దుప్పటి ముక్క అంటించాం. బొటనవేలు దూరేంత సందున్నా ఇవి వచ్చేస్తాయి మరి! అమ్మాయిని ముందరి మిద్దె గదిలో పడుకోబెట్టాం. గబ్బిలాలు పైన, మనం కింద. ఎవరి కాపురం వారిది!

రెండో భాగానికి ఆరు వారాలు ఆగాం. అత్తమ్మ రోజూ పంచాంగం చూసినట్టు వేళ్ళు లెక్కపెట్టేవారు. "పురుడు ముందొస్తాదో, ఇవి ముందు పోతాయో" అని ఆవిడ బెంగ. నాకూ లోపల గుబులుగానే ఉండేది. మే నెలాఖరున మళ్ళీ రాత్రిపూట విన్నాం. పైనంతా నిశ్శబ్దం. పిల్లలు కూడా తల్లులతో పాటు వేటకు వెళ్తున్నాయన్న మాట.

ఇక పద్ధతి వినండి.

మొదట, వరసగా రెండు మూడు సాయంత్రాలు పొద్దు గూకే వేళ ఇంటి బయట నిలబడి అవి ఏ కన్నం నుంచి వస్తున్నాయో చూడాలి. మా ఇంట్లో గోడకూ చూరుకూ మధ్య రెండు చోట్ల కనబడింది. అలాంటి చోట గోడ మీద జిడ్డుగా మురికి మరక కూడా ఉంటుంది.

రెండు, ఆ వాడుక కన్నాలు తప్ప మిగతా సందులన్నీ మూయించాలి. గబ్బిలాలు ఎలుకల్లా కొరకవు, తవ్వవు. కాబట్టి సిమెంటు, ఇసుక కలిపి పూస్తే చాలు.

మూడు, వాడుక కన్నం మీద కిటికీలకు వాడే గట్టి ప్లాస్టిక్ దోమల జాలీ తెరలా కట్టాలి. పై అంచు, రెండు పక్కలు గోడకు మేకులతో బిగించి, కింది అంచు వదిలేయాలి. కన్నానికి కింద అడుగున్నర, రెండడుగుల దాకా వేలాడాలి. మరీ బిగువుగా కాకుండా కాస్త వదులుగా ఉండాలి. లోపలి గబ్బిలం గోడవెంట కిందికి పాకి బయటపడి ఎగిరిపోతుంది. తిరిగొచ్చినప్పుడు కన్నం దగ్గరే వాలుతుంది గానీ, కిందినుంచి దూరాలని దానికి తోచదు.

నాలుగు, వారం రోజులు ఆ తెరను కదపకూడదు. లోపల ఒక్కటి కూడా లేదని చూసుకుని, తెర తీసి ఆ కన్నాలు కూడా మూసేయాలి.

మా ఇంట్లో ఐదో రోజుకే అటక ఖాళీ అయింది.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త

పెంటికలు ఎలుకవా, గబ్బిలానివా అని అనుమానమైతే పుల్లతో నలిపి చూడండి. గబ్బిలానివైతే పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల తునకలు మెరుస్తాయి. ఎలుకవి గట్టిగా ఉంటాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

పాత రెట్ట కుప్పల్లో ఒక రకం బూజు పెరగవచ్చు. చీపురుతో పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేస్తుంది. కాబట్టి ముందు నీళ్ళు చిలకరించి తడపాలి. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని, ఎత్తి సంచిలో కట్టాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మా ఇంట్లో ఆ పూట అమ్మాయిని పక్కవీధిలోని పిన్నమ్మ ఇంటికి పంపించాం.

గదిలోకి వస్తే?

ముందు ఫ్యాను ఆపండి. లోపలి తలుపులు మూసి, బయటికున్న కిటికీలు బార్లా తెరిచి, దీపాలార్పి బయటికి వచ్చేయండి. చాలాసార్లు అదే వెళ్ళిపోతుంది. గోడకు వాలి కదలకపోతే పైన డబ్బా బోర్లించి, కింద అట్టముక్క జరిపి బయట వదలండి. ఉత్త చేత్తో పట్టుకోవద్దు. పొరపాటున కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేబీస్ టీకా అవసరమో కాదో వారే చెబుతారు.

నిఫా మాటేమిటంటారా? 2018లో కేరళలో ఆ జబ్బు వచ్చినప్పుడు అందరం భయపడ్డాం. ఆ వైరస్ పండ్లు తినే పెద్ద గబ్బిలాలది. అవి చెట్ల మీద వేలాడతాయి. అటకల్లో చేరే ఈ చిన్నవి పురుగులు తినేవి. అయినా ఏదో కొరికిన జామపండూ, మామిడిపండూ పిల్లలకు పెట్టకండి.

చంపకుండా పంపడం దేనికంటే...

ఒక్కో చిన్న గబ్బిలం రాత్రికి కొన్ని వందల పురుగులు తింటుంది. అందులో దోమలుంటాయి, పంటల మీద గుడ్లు పెట్టే రెక్కపురుగులుంటాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమలో, వేరుశనగే దిక్కైన రైతింటి ఆడవాళ్ళకు పురుగుమందు ఖర్చు ఎంతో వేరే చెప్పాలా? మనకు పొరుగునే ఉన్న కర్ణాటకలోని కోలారు జిల్లా హనుమనహళ్ళి గుహలో ఒక రకం గబ్బిలం ఉంది. ప్రపంచంలో మరెక్కడా కనబడని ఆ జాతివి మిగిలింది రెండు వందల లోపే.

ఇంట్లోకొస్తే అశుభమని మనం తరిమే ఈ ప్రాణినే 1941లో జాషువా గారు తన 'గబ్బిలం' కావ్యంలో కాశీలోని శివుడి దగ్గరకు దూతగా పంపారు. ఈ మాట చెబితే అత్తమ్మ "అట్లనా!" అని కాసేపు ఊరుకున్నారు.

జూన్ రెండో వారంలో మనవరాలు పుట్టింది. తొట్టి కడిగి, ఎండబెట్టి, పసుపు రాసి అదే గదిలో కట్టాం. ఎత్తిన రెట్ట మూడు నెలలు మట్టిలో కలిపి మాగబెట్టి కరివేపాకు మొక్కకు వేశాను. ఇప్పుడు చారులోకి ఆకు కొనే పనిలేదు. సాయంత్రం వీధి చింతచెట్టు చుట్టూ గబ్బిలాలు తిరుగుతుంటే, అత్తమ్మ చంటిదాన్ని ఎత్తుకుని "అదో చూడు, మన అటక మీద కాపురమున్నోళ్ళు!" అని చూపిస్తున్నారు.

ఈ ఆదివారం మీరూ ఒకసారి టార్చి పట్టుకుని అటకెక్కి చూడండి. ఏవైనా ఉంటే, కుంపటి జోలికి పోకుండా ముందు రాత్రిపూట కింద నిలబడి చెవి ఒగ్గండి!