సత్యానికి తిలోదకాలు

కురుక్షేత్ర యుద్ధం ముగిసింది. గంగ ఒడ్డున పాండవులు చనిపోయినవారికి తర్పణాలు విడుస్తున్నారు. అప్పుడు కుంతి నోరు విప్పింది. కర్ణుడికి కూడా నీళ్లు వదలండి, అతడు మీ అన్న అని చెప్పింది. చంపినవాడెవరో, చనిపోయినవాడెవరో అప్పటికి లోకమంతటికీ తెలుసు. వారిద్దరూ ఒక తల్లి బిడ్డలన్న సంగతే పాండవులకు తెలియదు. ధర్మరాజు దుఃఖం ఆ క్షణాన ఆగ్రహంగా మారింది. ఇకమీదట స్త్రీల మనసులో రహస్యం నిలవకుండుగాక అని శపించాడు.

చావు, ఇంటిగుట్టు, ఆలస్యంగా బయటపడే నిజం - ఈ మూడింటి మేళవింపుతో ప్రేక్షకుల చేత ఊపిరి బిగబట్టించే నాటకాలను ఆంగ్ల రంగస్థలం వారు థ్రిల్లర్లంటారు. పేరు కొత్తదే గాని సరుకు చాలా పాతది. సోఫోక్లీజ్ రచించిన ఈడిపస్ నాటకంలో హంతకుడి కోసం గాలించే రాజే హంతకుడని తేలుతుంది. ఆర్థర్ మిల్లర్ 'ఆల్ మై సన్స్' 1947లో రంగస్థలానికెక్కింది. యుద్ధంలో కనిపించకుండా పోయిన కొడుకు చనిపోయాడంటే అందులోని తల్లి ఒప్పుకోదు. ఒప్పుకుంటే, లోపమున్న విమాన భాగాలను సైన్యానికి అమ్మిన తన భర్తే ఆ చావుకు కారకుడని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. ఈ కోవకు చెందిన నాటకాలన్నింటి మర్మం ఇదే. దుఃఖం రహస్యానికి కాపలా కాస్తుంది. రహస్యం ఆ దుఃఖాన్ని తీరనివ్వదు.

ఢిల్లీలో బస్తర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఈ నాటకాలు గుర్తుకు వస్తాయి. ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, సుక్మాకూ కుంటకూ నడుమ జాతీయ రహదారి మీద ఉన్న దోర్నపాల్ అనే చిన్న పట్టణం మదిలో మెదులుతుంది. కుంట దాటితే చింతూరు, ఆపైన భద్రాచలం. కోయ, గోండి, హల్బీ భాషలతో పాటు తెలుగు కూడా వినిపించే సీమ అది. అక్కడి కథ మనకు పరాయి కథ కాదు.

సభ్యుడు, సూత్రధారి

ఛత్తీస్‌గఢ్ జానపద గాథలను ఆధునిక రంగస్థలానికి ఎక్కించినవారిలో అగ్రగణ్యుడు హబీబ్ తన్వీర్. 1923లో రాయపూర్‌లో జన్మించిన ఆయన 1972 నుంచి 1978 వరకు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులు. ఆ కాలంలోనే, 1975లో, 'చరణ్‌దాస్ చోర్' వెలువడింది. అబద్ధమాడనని గురువుకు మాట ఇచ్చిన ఒక దొంగ కథ అది. రాణి అతణ్ణి వరిస్తుంది. అతడు కాదంటాడు. కనీసం ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఆమె కోరుతుంది. నిజం పలుకుతానని ఒట్టు పెట్టుకున్నవాడు ఆ హామీ ఇవ్వలేడు. దొంగతనానికి పడని మరణశిక్ష గుట్టు దాచనన్నందుకు పడింది. ఆ నాటకం 1982లో ఎడింబరో ఉత్సవంలో బహుమానం అందుకున్నది.

1978లో తన్వీర్ ప్రదర్శించిన 'బహాదుర్ కలారిన్' మన విషయానికి ఇంకా దగ్గరిది. నేటి బాలోద్ జిల్లాలోని సొరర్ గ్రామంలో జనం నోట నిలిచిన గాథ ఇది. సారా అమ్ముకునే బహాదుర్ అనే యువతిని ఒక రాజు ప్రేమించి, విడిచిపోతాడు. ఆమెకు పుట్టిన కొడుకు పెరిగి పెద్దవాడై ఒకరి తరువాత ఒకరుగా నూట ఇరవై ఆరుగురిని పెళ్లాడతాడు. ఎవరితోనూ తృప్తి లేదు. తన మనసు కోరుతున్నది కన్నతల్లినేనని చివరకు తెలుసుకుంటాడు. ఆ సంగతి విన్న తల్లి కొడుకుకు కారం దట్టించిన భోజనం పెడుతుంది. ఎవరూ వాడికి గుక్కెడు నీళ్లివ్వవద్దని ఊరివారికి చెబుతుంది. దాహంతో అల్లాడుతూ బావి దగ్గరకు వచ్చిన కొడుకును తానే బావిలోకి తోసి, తానూ ప్రాణం తీసుకుంటుంది. తల్లి పాత్రను ఫిదాబాయి ధరించారు.

ఈ కథలో అన్నింటికన్నా భయంకరమైన ఘట్టం బావి దగ్గరిది కాదని నా అభిప్రాయం. ఒక మనిషి గుమ్మం గుమ్మానికీ తిరిగి నీళ్లడుగుతూ ఉంటే ఊరంతా తలుపులు మూసుకున్న ఘట్టమే అంతకంటె భయంకరమైనది. రహస్యం ఒక ఇంటిది. దానిని అమలు జరిపింది ఊరు.

'హిర్మా కీ అమర్ కహానీ' అనే మరో నాటకాన్ని 1985లో తన్వీర్ బస్తర్ రాజు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ కథ ఆధారంగా రూపొందించారు. తాము ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకునే వంశం అది. తల్లి ప్రఫుల్ల కుమారీదేవి 1936లో లండన్‌లో మరణించడంతో ప్రవీర్ బాల్యంలోనే గద్దెనెక్కాడు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలోనే పోలీసు కాల్పులలో, తనను దైవంగా కొలిచిన గిరిజనులతో పాటు చనిపోయాడు. ఇంట్లో పుట్టిన దుఃఖం ప్రభుత్వపు రహస్యంతో పెనవేసుకోవడం బస్తర్‌లో ఆనాడే మొదలైంది.

ఒకే రోడ్డు, రెండు శోకాలు

దోర్నపాల్‌కు ఆ వారసత్వం సంక్రమించింది. 2005 జూన్‌లో మొదలైన సల్వాజుడుం కాలంలో అడవి గ్రామాల జనాన్ని తరలించి పెట్టిన పెద్ద శిబిరాలలో ఒకటి ఇక్కడిది. ఇటు రానివారిలో కొందరు అడవిలోకి పోయారు. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లాలో తలదాచుకున్నారు. మన పత్రికలు గుత్తికోయలని రాస్తున్నది వారిని గురించే. ఆ విధంగా ఒకే కుటుంబం మూడు ముక్కలైంది. ఒక కొడుకు ప్రత్యేక పోలీసు అధికారి, ఒక కొడుకు దళ సభ్యుడు, మరొకడు గోదావరి ఒడ్డున మిరప తోటలో కూలీ. 2019 జూలైలో సుక్మా జిల్లా అడవిలో జరిగిన ఎదురుకాల్పులలో పోలీసుల పక్షాన ఒక సోదరుడు, మావోయిస్టుల పక్షాన అతని సోదరి ఎదురుబొదురుగా నిలిచిన ఉదంతం ఢిల్లీ పత్రికలకు సైతం ఎక్కింది. నాటకకర్త అటువంటి ఘట్టాన్ని కల్పిస్తే అతిశయోక్తి అంటాము.

దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు ఒక రోడ్డు చీలుతుంది. 2006 జూలై 17న రహదారి మీదనే ఉన్న ఎర్రబోర్ శిబిరంపై మావోయిస్టులు దాడి చేసి, పసిపిల్లలతో సహా ముప్పైమందికి పైగా చంపారు. 2010 ఏప్రిల్ 6న జగర్‌గుండ దారిలోని చింతల్‌నార్ సమీపాన, తాడిమెట్ల వద్ద, 76 మంది భద్రతా సిబ్బంది హతులయ్యారు. 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామాలలో ఇళ్లు తగులబడ్డాయి. బాధితులకు సహాయ సామగ్రి తీసుకుపోతున్న స్వామి అగ్నివేశ్‌ను దోర్నపాల్‌లోనే గుంపు అటకాయించి దాడి చేసింది. 2017 ఏప్రిల్ 24న అదే రోడ్డు మీది బుర్కాపాల్ దగ్గర 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు నేలకొరిగారు.

బుర్కాపాల్ కథ తరువాయి ఏమిటో చూడండి. చుట్టుపక్కల గ్రామాల గిరిజనులను వరుసగా నిర్బంధించారు. అయిదేళ్లు జైలులో ఉన్న తరువాత 2022 జూలైలో దంతెవాడ న్యాయస్థానం 121 మందిని నిర్దోషులుగా విడుదల చేసింది. పాతికమంది జవాన్ల తల్లులకు తమ కొడుకులను చంపినదెవరో తెలియలేదు. నూట ఇరవై ఒక్క ఇళ్లకు తమవారిని అయిదేళ్లు ఎందుకు నిర్బంధించారో చెప్పినవారు లేరు. ఏ థ్రిల్లర్ అయినా చివరి అంకంలో దోషిని చూపించి తెర దించుతుంది. ఇక్కడ ఆ అంకమే లేకుండా తెర పడింది.

ఎవరు ఎవరికి కబురందించారు, ఏ రాత్రి ఎవరింటి తలుపు తట్టించారు అన్న విషయాలు ఇటువంటి చోట ఊరివారికి తెలియకుండా ఉండవు. చెప్పితే రెండు వైపుల నుంచీ ముప్పే. ఒక పక్షం ఇన్‌ఫార్మర్ అంటుంది, రెండవ పక్షం నక్సలైటంటుంది. కలారిన్ కథలోని ఊరి వలె అందరూ తలుపులు మూసుకుంటారు.

న్యాయమూర్తి చదివిన నవల

ఈ మూసిన తలుపులను తట్టిన ప్రయత్నాలలో ముఖ్యమైనది 2011 జూలై 5 నాటి సుప్రీంకోర్టు తీర్పు. నందినీ సుందర్ తదితరులు వేసిన పిటిషన్ మీద జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు అది. అయిదవ తరగతి చదివిన గిరిజన యువకులకు నెలకు మూడు వేల రూపాయలిచ్చి తుపాకి పట్టించడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు నిర్ధారించింది. తాడిమెట్ల తదితర గ్రామాల దహనాలను, అగ్నివేశ్‌పై దాడిని సి.బి.ఐ. దర్యాప్తు చేయాలని ఆదేశించింది.

ఆ తీర్పు ప్రారంభంలో జోసెఫ్ కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ప్రస్తావన ఉంది. కొందరు దానిని అనవసరమైన సాహిత్యమని విమర్శించారు. ఆంగ్ల సాహిత్య విద్యార్థిగా నాకు ఆ నవల ముగింపు గుర్తుకు వచ్చింది. కాంగో అడవిలో చనిపోయిన కర్ట్జ్ కోసం శోకిస్తున్న అతని ప్రేయసిని కథకుడు కలుసుకుంటాడు. అతని చివరి మాట ఏమిటని ఆమె అడుగుతుంది. నీ పేరే అని అతడు అబద్ధమాడతాడు. దుఃఖంలో ఉన్నవారికి అబద్ధం చెప్పి ఊరడించడం నాగరికులు ఎంచుకునే సులువైన మార్గమని కాన్రాడ్ చూపించాడు. బస్తర్ విషయంలో మనం చేస్తున్నదీ అదే.

తీర్పు తరువాత ఏమయింది? ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2011లోనే కొత్త చట్టం చేసి ఆ యువకులను సహాయక సాయుధ బలగంగా మార్చింది. దానిపై దాఖలైన కోర్టు ధిక్కార పిటిషన్‌ను, శాసనం చేయడం ధిక్కారం కాజాలదంటూ, 2025 మేలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ ఏడాదే ఉపరాష్ట్రపతి ఎన్నికలలో ప్రతిపక్షాలు జస్టిస్ సుదర్శన్ రెడ్డిని నిలబెట్టాయి. ఆ తీర్పు రాకపోతే నక్సలైటు ఉద్యమం 2020 నాటికే ముగిసి ఉండేదని హోంమంత్రి అమిత్ షా ఆరోపించారు. తీర్పు తన సొంతం కాదని, సుప్రీంకోర్టుదని రెడ్డి గారు జవాబిచ్చారు. సెప్టెంబరు 9న 452-300 ఓట్లతో సి.పి. రాధాకృష్ణన్ గెలుపొందారు. అన్ని రోజుల వాగ్వాదంలో ఒక న్యాయమూర్తి గుణదోషాలు చర్చకు వచ్చినంతగా తాడిమెట్లలో ఇళ్లు కాలినవారి పరిస్థితి చర్చకు రాకపోవడం విచారకరం.

రెండు శవాలు

సోఫోక్లీజ్ మరో నాటకం 'ఆంటిగొనీ'. అన్నదమ్ములిద్దరు చెరొక పక్షాన పోరాడి చనిపోతారు. ఒకరికి రాజలాంఛనాలతో అంత్యక్రియలు. రెండవవాడి శవాన్ని ముట్టరాదని రాజు క్రియాన్ ఆజ్ఞ. సోదరి ఆంటిగొనీ ఆ ఆజ్ఞను ధిక్కరించి అన్నపై పిడికెడు మట్టి వేస్తుంది. ఆ పిడికెడు మట్టి చివరకు రాజుగారి ఇంటినే కూల్చింది.

2025 మే 21న నారాయణ్‌పూర్ అడవులలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు హతుడయ్యారు. ఆయన శ్రీకాకుళం జిల్లా వాసి. శవం కోసం బంధువులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లినా ఫలితం లేకపోయింది. మే 26న పోలీసుల సమక్షంలో నారాయణ్‌పూర్‌లోనే దహనం జరిగిపోయింది. ఆరు నెలల తరువాత, నవంబరు 18న, సుక్మా జిల్లా పువర్తి గ్రామానికి చెందిన మడావి హిడ్మా మన మారేడుమిల్లి అడవులలో హతుడయ్యాడు. ఆయన శవం స్వగ్రామానికి చేరింది. తల్లి ముందు, ఊరి ముందు అంత్యక్రియలు జరిగాయి. మొదటి సందర్భంలో శాంతిభద్రతలకు భంగమన్నారు. రెండవ సందర్భంలో ఊరు ఊరంతా ఏడ్చింది, ప్రభుత్వం పడిపోలేదు.

వారి రాజకీయాలను సమర్థించనివారు కూడా, నేనూ వారిలో ఒకడినే, ఈ తేడాను గమనించక తప్పదు. కర్ణుడు శత్రుపక్షాన పోరాడినవాడే. నీళ్లు వదలవద్దని ధర్మరాజు అనలేదు.

నివేదికల గతి

నాటకంలో రహస్యాన్ని బయటపెట్టే బాధ్యత రచయితది. ప్రజారాజ్యంలో ఆ బాధ్యత శాసనసభలది. విచారణ సంఘాల చట్టం, 1952 ప్రకారం ప్రభుత్వం నివేదికను ఆరు నెలలలోపు, తీసుకున్న చర్యల వివరంతో సహా, సభ ముందుంచాలి. బిజాపూర్ జిల్లా సార్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి 17 మంది చనిపోయారు. వారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ సంఘం తేల్చేసరికి 2019 వచ్చింది. 2013 మే 25న జీరంఘాటీలో సల్వాజుడుం నాయకుడు మహేంద్ర కర్మతో సహా కాంగ్రెసు నాయకులను మావోయిస్టులు ఊచకోత కోశారు. దానిపై విచారణ జరిపిన జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తిగా వచ్చిన తరువాత, 2021 నవంబరులో, నివేదిక గవర్నరుకు అందింది. నాటి కాంగ్రెసు ప్రభుత్వం దానిని సభ ముందుంచక, కొత్త సభ్యులతో మరో విచారణకు ఉత్తర్వులిచ్చింది. చనిపోయినవారు తమ పార్టీవారే. వారి కుటుంబాలకు కూడా నిజం అందలేదు.

నక్సలైటు సమస్యను 2026 మార్చి 31 నాటికి అంతం చేస్తామని కేంద్రం ప్రకటించింది. తుపాకులు ఆగితే సంతోషించనివారుండరు. కాని యుద్ధం ముగిసిన తరువాత తర్పణాల ఘట్టం ఉంటుంది. ఎర్రబోర్‌లో కాలిపోయిన బిడ్డ, బుర్కాపాల్‌లో చనిపోయిన జవాను, సార్కెగూడలో నేలకూలిన రైతు, ఇన్‌ఫార్మరన్న ముద్రతో దళం చంపిన సర్పంచి - వీరందరి పేర్లతో, ఎవరు ఎలా చనిపోయారన్న వివరంతో ఒక జాబితా పార్లమెంటు ఉభయ సభల ముందుకు రావాలి. అడుగున పడి ఉన్న విచారణ నివేదికలన్నీ దానితో పాటు రావాలి. ఏ పక్షానికీ అది సౌకర్యంగా ఉండదు. ఆ రోజున మన సభ్యులు ధర్మరాజు వలె తల్లులను శపించకుండా, వారు చెప్పేది చివరిదాకా విని కూర్చోగలిగితే చాలు.