మేక, గొర్రె పిల్లలకు గోనెపట్టా పడక

చలికాలంలో పుట్టిన పిల్ల తడినేల మీద పడుకుంటే ఒంట్లో వేడి నేలపాలవుతుంది. నెమ్ము చేసి చనిపోయే ప్రమాదం ఉంది. నాలుగు మేకలున్న ఇంట్లో ఒక్క పిల్ల పోయినా నష్టమే. పొడి పడకతో దీన్ని చాలావరకు తప్పించవచ్చు.

మలక్‌పేట మార్కెట్‌కు ఉల్లిగడ్డ, మిర్చి తోలే రైతులకు పాత గోనెసంచులు కొత్త కాదు. మిర్చి సంచి ఘాటు పిల్లల కళ్లను మండిస్తుంది. బాగా ఉతికాకే వాడాలి. ఎరువులు, పురుగుమందులు, మందు పట్టించిన విత్తనాలు నింపిన సంచులు అసలే వద్దు. ప్లాస్టిక్ సంచి తడి పీల్చదు.

వేసే విధానం: కింద 2-3 అంగుళాల మందాన ఎండిన వరి ఊక పోసి, కుట్లు విప్పిన గోనెపట్టాను పైన పరవాలి. మూత్రం పట్టాలోంచి ఊకలోకి దిగుతుంది. పొద్దున్నే దానిపై మోకాలు ఆనించి కాసేపు కూర్చోండి. పంచె తడిస్తే పట్టా, ఊక రెండూ మార్చాలి. ఘాటు వాసన ముక్కుకు కొట్టిందంటే ఆలస్యమైనట్లే.

శుభ్రం చేసేది: రెండు జతలు ఉంచుకోండి. పెంటికలు దులిపి, చాకలి సోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి, తాగునీటికి దూరంగా ఉతకాలి. ఉతికితే చాలనుకోవద్దు. రక్తపారుడు తెచ్చే కాక్సిడియా క్రిములు బ్లీచింగ్‌కు సులభంగా లొంగవు. బాగా ఎండితే చస్తాయి. అందుకే ఎర్రటి ఎండలో రెండువైపులా కరకరలాడేదాకా ఆరవేయాలి. పిల్లలు నెత్తురు పారుకుంటే ఆ పట్టాను కాల్చేసి, వెంటనే పశువైద్యుణ్ణి కలవండి.