తల్లి రికార్డు తొలగినచో పిల్ల రికార్డుల గతి యేమి?

రుద్రంగి గ్రామమునకు రెండు పర్యాయములు 'తల్లి' మారినది. 1985లో తాలూకాలు రద్దయి మండలము లేర్పడినపుడు అది చందుర్తి మండలమున చేరినది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో క్రొత్త జిల్లాలు వెలసినపుడు కరీంనగర్ జిల్లానుండి విడివడి, రాజన్న సిరిసిల్ల జిల్లాలో తానే యొక మండల కేంద్రమైనది. రెండు మార్పులలోను ఊరు కదలలేదు. సంబంధము మాత్రమే మారినది. మొదటిసారి పాత తల్లియే రద్దయినది. రెండవసారి పాత తల్లియైన చందుర్తి మండలము నిలిచియే యున్నది. ఇట్టి మార్పులను కంప్యూటరులో చేయునపుడు ఎంతో జాగ్రత్త వలయును.

డేటాబేసులో సమాచారము పట్టికలుగా నుండును. మండలముల కొక పట్టిక, గ్రామముల కొకటి, సర్వే నంబర్ల కొకటి. ప్రతి వరుసకు ఒక గుర్తు సంఖ్య యుండును. గ్రామపు వరుసలో దాని మండలము యొక్క గుర్తు సంఖ్యను వ్రాయుదురు. దీనిని ఫారిన్ కీ అందురు. లేని వరుసను ఏ ఫారిన్ కీయు చూపరాదనునది ముఖ్య నియమము. ఈ విధానమునకు మూలము 1970లో ఎడ్గార్ కాడ్ ప్రకటించిన రిలేషనల్ నమూనా.

నేడు ప్రోగ్రాములు వ్రాయువారు తరచుగా పట్టికలతో నేరుగా పనిచేయరు. ఆబ్జెక్ట్-రిలేషనల్ మ్యాపర్ అను దుబాసి ప్రతి వరుసను ప్రోగ్రాములో ఒక వస్తువుగా చూపును. 'ఈ మండలమును తొలగించుము' అని ఒక్క మాట వ్రాసిన చాలును; మిగిలినది దుబాసి చూచుకొనును. సౌకర్యమును, ప్రమాదమును అచటనే యున్నవి. తొలగింపునకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది కాస్కేడ్. తల్లితో పిల్లలును పోవును. మండలముతో గ్రామములు, గ్రామములతో సర్వే నంబర్లు, వానితో రైతుల పట్టా వివరములు వరుసగా తుడిచిపెట్టుకొని పోవును. అంగడి బిల్లును తొలగించినపుడు అందలి పద్దులు పోవుట న్యాయమే. మండలము పోయినదని రైతు భూమి రికార్డు పోవుట అన్యాయము.

రెండవది నిరోధము. ఒక్క గ్రామమైనను ఆధారపడి యున్నంతవరకు మండలమును తొలగింపనీయదు.

మూడవది సంబంధమును ఖాళీ చేయుట. గ్రామము మిగులును గాని ఏ మండలమునకును చెందదు. ఉపాధ్యాయుడు బదిలీయైనపుడు తరగతికి 'క్లాసు టీచరు' గడి కొంతకాలము ఖాళీగా నుండవచ్చును. గ్రామమునకు మండలము లేకుండుట తగదు.

కావున ఇచట నిరోధమే తగినది. మొదట క్రొత్త మండలమును సృష్టించి, పిదప గ్రామముల నన్నిటిని దానికి కలిపి, తరువాతనే పాతదానిని తీయవలెను. ఇదంతయు ఒకే ట్రాన్సాక్షనుగా జరుగవలెను; అనగా నడుమ కరెంటు పోయినను, అన్నియు జరుగును లేదా ఏదియు జరుగదు.

అన్ని మ్యాపర్లును ఒకే తీరున నడవవు. సంబంధమును గూర్చి ఏమియు చెప్పనిచో జాంగో పూర్వము కాస్కేడ్ చేసెడిది; 2017లో వెలువడిన 2.0 రూపమునుండి మార్గమును ప్రోగ్రామరే తప్పక చెప్పవలెను. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ, ఏమియు చెప్పనిచో, పిల్ల వరుసలోని సంబంధమును ఖాళీ చేయును. మరియు జాంగో కాస్కేడును సాధారణముగా తానే నడుపును గాని డేటాబేసునకు అప్పగింపదు. డేటాబేసులో నేరుగా తొలగించువారికి ఆ నియమము వర్తింపదు.

ఒక్కొక్కపుడు తొలగింపకుండుటయే మేలు. 1990 నాటి పత్రములో రుద్రంగి చందుర్తి మండలములోనిదే. ఆ నకలు కోరు రైతునకు ఆనాటి సంబంధమే కావలెను. అందుచే పాత వరుసను చెరపక 'ఈ తేదీ వరకు' అని గుర్తు పెట్టుట యుక్తము.

విద్యార్థులు తమ పాఠశాలకు సంబంధించిన తరగతి, విద్యార్థి, మార్కులు అను మూడు పట్టికలు గీసి, ఒక్కొక్క వరుసను కొట్టివేసి చూడవచ్చును. తరగతి రద్దయినచో విద్యార్థి యేమగును? విద్యార్థి బడి మానినచో అతని మార్కు లుండవలెనా? ఈ ప్రశ్నలకు జవాబు యంత్రము చెప్పలేదు. ఆ సంబంధముల యర్థము నెరిగిన మనుష్యుడే ముందుగా నిర్ణయింపవలెను.