ఆ చుక్కను ఆపవద్దు



తూర్పు తీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధము. పాత బోటు ఇంజను, షాఫ్టు బాగుచేసుకొనుటకు అదే తగిన సమయము.

ఒక వేసవిలో మా సంఘ సహోదరుని బోటు పనిలో మేమును చేయి వేశాము. ఫ్యాను షాఫ్టు అడుగునుండి బయటికి వెళ్లేచోట, నీరు రాకుండ తాడు కూరిన గ్లాండు ఉంటుంది. అక్కడ చుక్కలు రాలుచుండగా, ఒక్కటియు రాకూడదని నట్లు గట్టిగా బిగించివేశాము. నీటిలో నడిపిన కొద్దిసేపటికే గ్లాండు కాలిపోయింది. విప్పి చూస్తే షాఫ్టు నిండా గీతలు! ఆ చుక్కలే దానిని చల్లబరచుచున్నవని అప్పుడు గాని మాకు తెలియలేదు.

కనుక బోటు ఒడ్డున ఉండగానే పాత తాడంతా తీసివేయండి. కొత్త చుట్లను అతుకులు ఒకేచోటికి రాకుండ అమర్చండి. ఇంజను ఆపి, నట్లను సమానముగా, కొద్దికొద్దిగా బిగించండి. షాఫ్టు తిరుగునప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు రావలెను. ఇంజను, షాఫ్టు ఒకే వరుసలో ఉన్నవో లేదో బోటు నీటిలో దిగాకనే సరిచూడండి. ఒడ్డు మీది బోటు నీటిలో కొంత ఆకారము మారుతుంది.

చుక్క ధారయైతే మాత్రము ఆలస్యము చేయకండి. ఒడ్డున మీ ఇంటివారు ఎదురుచూచుచుందురు.